మా వదిన ఒప్పజెప్పించిన మాటలు

మా వదిన దుబాసీ. పైదేశాల నుంచి యుద్ధం చూడటానికి వచ్చే విలేఖరులకి మా మాటలు వాళ్ళ భాషలోనూ, వాళ్ళ ప్రశ్నలు మా భాషలోనూ చెప్పటం ఆవిడ పని. అంతకు ముందు బడిలో పిల్లలకి ఆ భాషే నేర్పేది. బడి మీద గుండు పడ్డాక బల్లలు పొయ్యిల్లోకి పోయాయి, పిల్లలు తలో దిక్కుకీ పోయారు, పంతులమ్మ మాత్రం పంతులమ్మగానే మిగిలింది. ఆ సంగతి ఆవిణ్ణి పనికి పెట్టుకున్న ప్రతి విలేఖరికీ మొదటిరోజే తెలిసొచ్చేది.

నేను ఆవిడ ఆడపడుచుని. ఆడపడుచు వదినని మెచ్చుకుంటోందంటే వెనక ఏదో అవసరం ఉందనుకుంటారు. నాకే అవసరమూ లేదు. పైగా చాలా విషయాల్లో ఆవిడకీ నాకూ పడదు. నేను మా ఒడ్డు మనిషిని, ఆ మాట ఎవరి ముందైనా చెబుతాను. ఆవిడ మా ఒడ్డున పుట్టి పెరిగి, మా ఇంటికే కోడలై వచ్చి కూడా, నువ్వెటువైపు అంటే సమాధానం చెప్పదు. అందుకు నాకు ఒళ్ళు మండేది. ఇప్పటికీ అప్పుడప్పుడూ మండుతుంది.

మా ఊరి నడుమ నుంచి ఏరు పోతుంది. యుద్ధం వచ్చాక ఈ ఒడ్డు ఒకరిదైంది, ఆ ఒడ్డు ఇంకొకరిదైంది. మధ్యన వంతెన, దానికి రెండు కొసలా తుపాకులు పట్టుకున్నవాళ్ళు. మధ్యాహ్నం దాటితే వంతెన మూసేసేవాళ్ళు. జనరేటరూ, వేడినీళ్ళూ, ఇంటర్నెట్టూ ఉన్న ఒకే ఒక్క హోటలు మా ఒడ్డున ఉంది. మా యుద్ధం గురించి లోకానికి ఏం తెలియాలో ఆ హోటలే తేల్చిందని నా నమ్మకం. విలేఖరులంతా అక్కడే దిగేవాళ్ళు. పొద్దున కాఫీ తాగి మా వీధుల్లో నాలుగిళ్ళు తిరిగేవాళ్ళు. మా ఏడుపులు కెమెరాలో దగ్గర నుంచి తీసుకునేవాళ్ళు. సాయంత్రం హోటలు డాబా ఎక్కి, ఏటికి అవతల లేచే పొగని దూరం నుంచి తీసుకునేవాళ్ళు. అందుకే టీవీలో మా వాళ్ళకి ముఖాలుండేవి, అవతలివాళ్ళకి పొగ ఉండేది. మా వీధి చివర టీ బడ్డీ దగ్గర జనం అది చూసి, పరాయివాళ్ళైనా న్యాయం తెలిసినవాళ్ళని మురిసిపోయేవాళ్ళు. ఎప్పుడైనా ఒక విలేఖరి అవతలి శవాలు చూపిస్తే మాత్రం వాడు అమ్ముడుపోయాడని అక్కడికక్కడే తేల్చేసేవాళ్ళు. ఆ తేల్చేసేవాళ్ళలో నేనూ ఉన్నాను, నాకేం దాపరికం లేదు.

వదినకి ఇదంతా గిట్టేది కాదు. తనని పెట్టుకునేవాళ్ళకి ముందే ఒక షరతు చెప్పేది. ఈ ఒడ్డున ఎన్నిళ్ళకి వెళితే ఆ ఒడ్డున అన్నిళ్ళకీ వెళ్ళాలి. ఇష్టం లేనివాళ్ళు వేరే దుబాసీని చూసుకోవచ్చు. చాలామంది చూసుకున్నారు కూడా. అలాంటి నెలల్లో మా ఇంట్లో కూరలో నూనె తగ్గేది, ఆవిడ పట్టు మాత్రం తగ్గేది కాదు.

రెండోది షరతు కాదు, బడి నుంచి వచ్చిన అలవాటు. ఎవరింట్లోనైనా మాటలయ్యాక, లేచే ముందు, విలేఖరి తాను రాసుకున్నది ఆ ఇంటివాళ్ళకి ఒప్పజెప్పాలి, పిల్లలు పాఠం ఒప్పజెప్పినట్టు. ఆయన తన భాషలో చదువుతూ ఉంటే వదిన ఒక్కో వాక్యం ఇంటివాళ్ళకి చెప్పి, ఇదేనా మీరన్నది అని అడిగేది. అవునంటే ఇంకో ప్రశ్న వేసేది. ఇది మీరు చూసిందా, విన్నదా? విన్నదైతే విన్నదని రాయించేది. ఎంత పేరు మోసిన విలేఖరికైనా ఆవిడ దగ్గర పప్పులుడికేవి కావు. నెరిసిన గడ్డాలవాళ్ళు, ఏడెనిమిది యుద్ధాలు చూసినవాళ్ళు, ఒక ముసలమ్మ మంచం ముందు చతికిలబడి తడుముకుంటూ ఒప్పజెబుతుంటే నాకు నవ్వాగేది కాదు. వాళ్ళు లోపల విసుక్కునేవాళ్ళు. విసుక్కుంటూనే మళ్ళీ వచ్చినప్పుడు ఆవిణ్ణే వెతుక్కునేవాళ్ళు, ఎందుకంటే ఆవిడ తెచ్చిన మాట మీద తర్వాత పేచీ వచ్చేది కాదు.

మా అన్నయ్య, అంటే ఆవిడ భర్త, కరెంటు లైన్‌మన్. రెండు ఒడ్లకీ కరెంటు ఒకే సబ్‌స్టేషన్ నుంచి వెళ్ళాలి. అందుకని కాల్పులు ఆగిన రోజుల్లో రెండువైపులవాళ్ళూ మాట్లాడుకుని అన్నయ్యని అవతలికి పంపేవాళ్ళు. ఒకసారి అలా వెళ్ళి స్తంభం మీద ఉండగా ఆ వీధిలోనే గుండు పడింది. ఒక పిల్ల చనిపోయింది. గుండు వచ్చింది మా వైపు కొండ మీద నుంచే. మా ఒడ్డున ఈ మాట ఎవరూ ఒప్పుకోరు, నేను ఒప్పుకుంటున్నాను. స్తంభం మీద నుంచి సైగ చేసి గుండు వేయించాడని అవతలివాళ్ళు అన్నయ్యని పట్టుకెళ్ళి లోపల వేశారు. గూఢచారికి వాళ్ళ దగ్గర శిక్ష ఉరి.

అమ్మ మంచం పట్టింది. నేను పనిచేసే మందుల షాపులో ఎవరు అన్నయ్య ఊసెత్తినా ఒంటికాలి మీద లేచేదాన్ని. వదిన మాత్రం మామూలుగానే ఉన్నట్టుండేది. పొద్దున్నే వంట చేసి, అత్తగారికి మాత్రలిచ్చి, విలేఖరుల వెంట వెళ్ళిపోయేది. ఈవిడది గుండా రాయా అనుకున్నాను. ఒకరోజు పెరట్లో అన్నయ్య పని చొక్కా ఉతికి ఆరేసింది. అది ఆరాక తీసి, మళ్ళీ నీళ్ళలో ముంచి ఉతకటం చూశాను. ఆ తర్వాత ఆవిణ్ణి ఏమీ అనలేకపోయాను.

అలాంటప్పుడు వచ్చాడు పొడుగాయన. అసలు పేరుకి నా నోరు తిరిగేది కాదు. నడుం వంచితే కానీ మా గుమ్మంలోకి రాలేకపోయాడు. ఆయన చానలు లోకమంతా చూస్తుందట. అందులో లైన్‌మన్ కథ వస్తే అవతలివాళ్ళ మీద ఒత్తిడి పెరుగుతుందని, అప్పుడు ఉరి తియ్యటానికి వెనకాడతారని చెప్పాడు. మాకు దేవుడు దిగివచ్చినట్టే అనిపించింది. ముందుగదిలో కుర్చీ వేసి, కిటికీకి దుప్పటి కట్టి వెలుతురు సరిచేసి, వదిన మాటలు తీసుకున్నారు. ఆ రోజు ఆవిడకి ఆవిడే దుబాసీ. ఎక్కడా కంటతడి పెట్టలేదు. పొడుగాయన కొంచెం మొహమాటపడుతూనే, పెళ్ళి ఫొటో చేతిలో పట్టుకుంటారా అని అడిగాడు. పట్టుకుంది. అంతా సవ్యంగా అయిపోయింది కదా అని నేను ఊపిరి పీల్చుకునేలోగా, ఇక ఆ పిల్ల వాళ్ళింటికి వెళ్దాం అంది.

అమ్మ మంచం మీద నుంచే శాపనార్థాలు మొదలుపెట్టింది. మొగుడి మెడకి తాడు వేలాడుతుంటే నీ పంతమేమిటని నేనూ నోరు పారేసుకున్నాను. వదిన ఫొటోని మళ్ళీ మేకుకి తగిలించి, నా వైపు తిరిగింది.

"మీ అన్నయ్య మంచివాడని నేనంటే ఎవరు నమ్ముతారే? నేను పెళ్ళాన్ని. పిల్ల పోయినావిడ ఏమంటుందో అది కూడా విననియ్యి జనాన్ని."

తోడుకి నేనూ బయల్దేరాను. కోపంతోనే బయల్దేరాను, దారి పొడుగునా ఆవిడతో మాట్లాడలేదు.

ఆ పిల్ల తల్లి ఇస్త్రీ చేసి బతుకుతుంది. వీధివైపు గది అంతా పెద్ద బల్ల, దాని మీద కాలిన మచ్చలున్న దుప్పటి, గోడవారగా ఏ ఇంటివి ఆ ఇంటివిగా మూటలు కట్టిన బట్టలు. కరెంటు ఇస్త్రీపెట్టె ఒక మూలన చల్లగా పడి ఉంది. గుమ్మం పక్క గోడ మీద గుండు ముక్కలు చెక్కేసిన గుంటలు అలాగే ఉన్నాయి. మేమెవరమో చెప్పాలని వదిన గుమ్మంలోనే నోరు తెరిచింది, నేను చూశాను. కానీ ఇస్త్రీ ఆవిడ ఎవర్నీ ఏమీ అడగలేదు. కెమెరా కనబడగానే, ఎన్నాళ్ళ నుంచో నోట్లో పెట్టుకుని ఉన్నట్టు, చెప్పటం మొదలుపెట్టేసింది. బిడ్డ పోయిన తల్లిని ఆపి, ముందు నా సంగతి వినమని ఎవరనగలరు?

"స్తంభం మీదున్నవాడు చెయ్యి ఊపాడు, గుండు పడింది. నా బిడ్డని చంపింది వాడే. వాణ్ని ఉరి తియ్యాలి. నేను చూస్తుండగా తియ్యాలి."

వదిన ఆ మాటల్ని పొడుగాయన భాషలో చెప్పింది. నాకా భాష రాదు. కానీ ఆవిడ గొంతు నాకు తెలుసు, ఆవిడ పని కూడా తెలుసు. ఎదుటివాళ్ళు నేను అంటే ఆవిడా నేను అనే అంటుంది, వాళ్ళు ఎంత గట్టిగా అంటే అంత గట్టిగా అంటుంది. తన మొగుణ్ణి ఉరి తియ్యమని, తను చూస్తుండగా తియ్యమని, ఆవిడ నోటితోనే ఆవిడ చెప్పింది. పొడుగాయన ముఖం పాలిపోయింది. వంగి ఆవిడ చెవిలో ఏదో అన్నాడు. ఆ వాక్యం వదిలేద్దాం, ఎవరికీ తెలియదు అన్నాడట. వదిన తల అడ్డంగా ఊపి, రాసుకోమన్నట్టు కాగితం వైపు చూపించింది. నాకు ఆ క్షణాన ఆవిడ మీద ఎంత కోపం వచ్చిందో అంత భక్తీ కలిగింది.

తర్వాత ఒప్పజెప్పటం. పొడుగాయన చదివాడు, వదిన చెప్పింది, ఇస్త్రీ ఆవిడ అవునంది. అప్పుడు వదిన తన రెండో ప్రశ్న వేసింది, చూసిందా విన్నదా అని. ఇస్త్రీ ఆవిడ ముఖం ఎర్రబడింది.

"నన్నే అడుగుతున్నావా ఆ మాట?"

"అందర్నీ అడుగుతానమ్మా."

ఇస్త్రీ ఆవిడ బల్ల మీద దుప్పటి అంచు సర్దింది. వాడు స్తంభం మీద ఉండటం పొద్దున్నుంచీ కిటికీలోంచి చూశానంది. గుండు చప్పుడు విన్నానంది. బయటికి వచ్చి బిడ్డని చూశానంది. చెయ్యి ఊపటం మాత్రం ఎదురింటివాళ్ళు చెప్పారు, నేను లోపలున్నాను అంది. వదిన అదంతా అదే వరసలో పొడుగాయన చేత రాయించింది. ఆ పని పూర్తయ్యాక, కూర్చున్న పీట మీద నుంచి లేచి నిలబడింది.

"అమ్మా, ఆ స్తంభం మీదున్న మనిషి నా భర్త. ముందే చెప్పాల్సింది, చెప్పలేకపోయాను. మీ మాట నేను సరిగా చేరవేశానో లేదో అని అనుమానముంటే, వీళ్ళు ఇంకొకర్ని తీసుకొస్తారు. మళ్ళీ చెప్పండి."

గుమ్మంలో గుమిగూడిన ఇరుగుపొరుగు ఒక్కసారిగా గొణగటం మొదలుపెట్టారు. ఇక మేం ఇంటికి చేరేది లేదనుకున్నాను. ఇస్త్రీ ఆవిడ వాళ్ళని చేత్తోనే ఆపి, వదిన ముఖంలోకి చూసింది.

"ఉరి తియ్యాలన్నది కూడా చెప్పావా?"

"చెప్పాను."

"అది తీసెయ్యకు."

"తియ్యనమ్మా."

అంతే. మేం వంతెన మూసేలోపు ఈవలికి వచ్చాం.

వార్త వచ్చిన రోజు టీ బడ్డీ దగ్గర నిలబడే చోటు లేదు. పెళ్ళి ఫొటో వచ్చింది. మా ముందుగది వచ్చింది. వదిన ఏడవలేదు కదా, చెమటకి ముఖం తుడుచుకున్న క్షణం ఎక్కడ పట్టారో పట్టి, దాన్నే నిదానంగా కదిలించి చూపించారు. ఆ తర్వాత హోటలు డాబా మీద నుంచి తీసిన పొగ. ఇస్త్రీ ఆవిడ లేదు. ఆ గది లేదు, గోడ మీద గుంటలు లేవు, చనిపోయిన పిల్ల ఊసే లేదు. జనం చప్పట్లు కొట్టారు. నాకూ కళ్ళనీళ్ళు తిరిగాయి, అన్నయ్య గట్టెక్కినట్టే అనుకున్నాను. పక్కకి తిరిగి చూస్తే వదిన తల కొట్టేసినట్టు నిలబడి ఉంది.

పొడుగాయన ఫోన్ చేశాడు. ఎక్కడో దూరాన వాళ్ళ ఆఫీసులో కత్తిరించారట, నిడివి ఎక్కువైందట. ఒక ఇంటి కథ అయితే చూసేవాళ్ళకి పట్టుబడుతుంది, రెండిళ్ళ కథ అయితే అయోమయపడతారని అన్నారట. పాపం ఆయన సిగ్గుపడ్డాడనే చెప్పాలి, మాటమాటకీ క్షమించమన్నాడు. వదిన ఆయన్ని తిట్టలేదు. మర్నాడు పొద్దున్నే చెప్పులేసుకుంది. ఎక్కడికంటే అవతలికి, ఆవిడకి ఒప్పజెప్పాలి అంది. ఏమని ఒప్పజెబుతావు, అక్కడ ఆవిడ మాటే లేదు కదా అన్నాను. ఆ సంగతే చెప్పాలి అంది. అవతల మనుషులు మండిపడి ఉన్నారని, మన వార్త వాళ్ళూ చూశారని, నిన్నూ లోపల వేస్తారని నెత్తీ నోరూ కొట్టుకున్నాను. చెవిన వేసుకోలేదు. కక్కలేక మింగలేక నేనూ వెంట నడిచాను.

ఇస్త్రీ ఆవిడ బట్టలు మడత పెడుతోంది. వదిన గుమ్మం బయటే నిలబడి చెప్పింది. మీ మాట వెయ్యలేదమ్మా. నా మాట ఒక్కటే వేశారు. మీరు నమ్మి ఇచ్చినది పోయింది. ఈ సంగతి మీకు ఇంకెవరి ద్వారానో తెలియటం బాగుండదని వచ్చాను. అంతవరకే చెప్పి ఊరుకుంది, మొగుడి గురించి ఒక్క ముక్క ఎత్తలేదు. ఎత్తుతుందేమోనని నేను కాచుకుని ఉన్నాను, ఎత్తకపోతుందా అని ఆశపడ్డాను కూడా.

ఇస్త్రీ ఆవిడ మడత పెడుతున్న చొక్కాని పూర్తిగా మడిచి పక్కన పెట్టింది.

"ఎంతమందో వచ్చి అడిగి పోయారు. ఏం వేశారో చెప్పటానికి ఎవరూ రాలేదు."

మంచినీళ్ళిచ్చింది. తాగి వచ్చేశాం.

ఆ తర్వాతది నేను విన్నదే కానీ చూసింది కాదు. వదిన దగ్గర ఉండి ఉండి నాకూ ఈ జబ్బు పట్టుకుంది. అవతల విచారణ జరిగింది. అందరికన్నా ముందు ఇస్త్రీ ఆవిణ్ణి పిలిచారు. ఆవిడ ఒక్క మాట చాలు అన్నయ్యని స్తంభం నుంచి నేరుగా ఉరికొయ్యకి ఎక్కించటానికి. ఆవిడ, స్తంభం మీద మనిషిని చూశాను, సైగ చూడలేదు, చూడనిది చెప్పను అందట. బిడ్డ పోయిన తల్లే అంత మాటన్నాక ఎదురింటివాళ్ళకి నోరు పెగల్లేదు. మాకు ఫలానావాళ్ళు చెప్పారంటే మాకు ఫలానావాళ్ళు చెప్పారనుకున్నారు. చివరికి ఒక ముసలాయన మాత్రం చెయ్యి పైకి లేవటం చూశానన్నాడు. చెయ్యి లేపినందుకు ఉరి తియ్యలేమన్న అధికారి, రెండువైపులా ఖైదీలని మార్చుకున్నప్పుడు అన్నయ్యని కూడా పంపించేశాడు.

చిక్కి సగమై వచ్చాడు మా అన్నయ్య. అమ్మ మంచం దిగింది. ఇల్లంతా మనుషులతో నిండిపోయింది. ఆయన మాత్రం ఆ రోజు గురించి ఎవరెంత అడిగినా నోరు విప్పలేదు. జనం సర్దుకున్నాక వదిన ఆయన ఎదురుగా కూర్చుని, ఇస్త్రీ ఆవిడ అన్నదంతా ఒక్క ముక్క పోకుండా చెప్పింది, ఉరితో సహా. నాకైతే ఆ నోరు నొక్కెయ్యాలనిపించింది. అన్నయ్య తల వంచుకుని విన్నాడు. విని, నేను వాళ్ళింటికి వెళ్ళాలి అన్నాడు. ఈసారి అమ్మ కూడా అడ్డు చెప్పలేదు. ముగ్గురం వెళ్ళాం. కెమెరాలు లేవు, పొడుగాయనలు లేరు, ఇద్దరివీ ఒకే భాష కనుక దుబాసీతోనూ పని లేదు.

ఇస్త్రీ ఆవిడ బల్లకి అవతల నిలబడి అన్నయ్యని పైనుంచి కింద దాకా చూసింది. కూర్చోమనలేదు. అన్నయ్య గుమ్మం దాటలేదు.

"పైనుంచి నీకు మా పిల్ల కనిపించిందా?" అంది.

"కనిపించిందమ్మా. ఇదిగో, ఇక్కడే నిలబడింది. బాబాయ్, మా అమ్మ ఇస్త్రీ చెయ్యాలి, కరెంటు ఎప్పుడొస్తుందని అడిగింది. వస్తే నువ్వే నాకు చెప్పాలి, పైనుంచి నాకు తెలియదన్నాను. సరేనని లోపలికి పోయింది. కాసేపటికి పరిగెత్తుకుంటూ వచ్చి, వచ్చింది బాబాయ్ అని చెయ్యి ఊపింది. నేనూ ఊపాను." అన్నయ్య గోడ మీది గుంటల వైపు చూశాడు. "విచారణలో ఇదంతా చెప్పానమ్మా. చెయ్యెత్తినట్టు ఒప్పుకున్నాడని రాసుకున్నారు."

వదిన గోడకి ఆనుకుని, రెండు చేతులతో ముఖం కప్పుకుని ఏడ్చింది. ఇన్నాళ్ళలో ఆవిడ ఏడవటం నేను చూసింది అప్పుడే.

ఇస్త్రీ ఆవిడ మూలనున్న పెట్టె వైపు తిరిగింది. "దీని మీద ఎర్రలైటు వెలిగింది," అంది, ఎవరితోనూ కాదన్నట్టు. "నేను చూశాను. వచ్చిందే, వెళ్ళి చెప్పు అని నేనే పంపాను."

ఆవిడ బల్ల చుట్టూ తిరిగి వచ్చి, పీట మీదున్న బట్టల మూట తీసి కింద పెట్టి, పీటని అన్నయ్య దగ్గరికి జరిపింది.

"కూర్చో," అంది. "అది నీతో ఏమేం మాట్లాడిందో మొదట్నుంచి చెప్పు."